ఓటు ఒకప్పటి మొక్కే

ఎన్నికల నగారా మోగిందంటే చాలు, నర్సీపట్నంలో బడి మొహం చూడని పెద్దల నోట కూడా ఇంగ్లీషు మాటలే ఆడుతుంటాయి. నామినేషన్ ఎప్పుడు వేస్తారు, క్యాండిడేటు ఎవరు, పోలింగు ఎంతయింది, ఓటు ఎటు పడుతుంది, ఎవరు ఎలెక్ట్ అవుతారు? ఒకరిని ఎంచుకోవడం అనే ఒక్క పనికి ఇన్ని మాటలు ఎందుకు? వీటిని ఇంగ్లీషు వాళ్లే పుట్టించారా, వాళ్లూ ఎక్కడి నుంచైనా తెచ్చుకున్నారా? రెండు మూడు వేల ఏళ్ల కిందట ఒక మాటకు ఏ అర్థం ఉండేదో ఇప్పుడు ఎలా చెప్పగలరు? ఈ ప్రశ్నలు అడిగే పిల్లలకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఎందుకంటే వీటిలో కొన్నిటి జవాబు మన సంస్కృత పదాల్లో, మన తెలుగు ఉచ్చారణలో కూడా ఉంది.

ఇన్ని మాటలు ఎందుకు?

ఇంగ్లీషు ఒక్క ఊట నుంచి పుట్టిన భాష కాదు కనుక. 5వ శతాబ్దం నుంచి ఉత్తర ఐరోపా తీరాల నుంచి బ్రిటన్‌కు వలస వచ్చిన జనం తెచ్చుకున్న భాష అడుగున ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల ఇళ్లలో, కచేరీల్లో ఫ్రెంచి పాతుకుపోయింది. చర్చిలోనూ చదువులోనూ లాటిన్ ఎటూ ఉండనే ఉంది. అందుకే ‘చూజ్’ వాళ్ల సొంత మాట, ‘చాయిస్’ ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘ఎలెక్ట్’, ‘సెలెక్ట్’ లాటిన్‌వి, ‘బ్యాలెట్’ ఇటలీది. కొత్త మాట వచ్చినా పాతది పోలేదు. ఒక్కో మాట ఒక్కో పనిలో కుదురుకుంది: చొక్కాను చూజ్ చేస్తారు, ఉద్యోగానికి సెలెక్ట్ చేస్తారు, శాసనసభకు ఎలెక్ట్ చేస్తారు.

చూజ్, చాయిస్ ఒకే మాటలా వినిపిస్తాయి కదా, ఒకటి సొంతం, ఇంకొకటి అరువు ఎలా అయ్యాయి?

ఇంగ్లీషులో చూజ్‌కు పాత రూపం ‘చేయొసన్’. దాని దగ్గరి బంధువైన గోతిక్ భాషలో అదే మాట ‘కియుసన్’, అంటే పరీక్షించి చూడటం. దాని తోబుట్టువు ‘కౌస్యన్’, అంటే రుచి చూడటం. ఈ రెండో మాటను పాత ఫ్రెంచి వాళ్లు, గోతిక్, ఇంగ్లీషు లాంటి భాషల కుటుంబానికి చెందిన జర్మానిక్ తెగల నుంచి తీసుకుని తమ భాషకు తగ్గట్టు మలుచుకున్నారు. నార్మన్ల తరవాత అది ‘చాయిస్’ అయి ఇంగ్లండుకు చేరింది. అంటే అక్కచెల్లెళ్లలో ఒకరు ఇంట్లోనే ఉండిపోతే, ఇంకొకరు ఫ్రాన్స్ చుట్టి వచ్చారు.

లాటిన్‌లో ‘గుస్తుస్’ అంటే రుచి. ‘డిస్‌గస్ట్’ అంటే రుచి విరగడం, అసహ్యం. సంస్కృతంలో ‘జుష్’ ధాతువుకు పాణినీయ ధాతుపాఠం చెప్పే అర్థాలు ప్రీతి, సేవనం. ఇష్టపడటం, ఇష్టంగా తీసుకోవడం అన్నమాట. చూజ్, గుస్తుస్, జుష్ మూడూ ఒకే మూలం నుంచి చీలినవి. మొదట్లో ఎంచుకోవడమంటే నాలిక మీద వేసుకుని తేల్చుకోవడం. మన ‘అభిరుచి’ కూడా నాలిక దాకా వచ్చిందే కాని, అది ‘రుచ్’ ధాతువు నుంచి, వెలుగు అనే అర్థం నుంచి బయల్దేరింది. దాని దారి వేరు.

సరే, మూడు మాటలు చుట్టాలని ఎలా నమ్మాలి?

ఇక్కడ తొందరపడకూడదు. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు కావు. ఒక భాషలో ఒక ధ్వని ఉన్న చోటల్లా రెండో భాషలో ఫలానా ధ్వని క్రమం తప్పకుండా రావాలి. అప్పుడే లెక్క కుదిరినట్టు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ కలకత్తాలో 1786లో ప్రకటించాడు. జర్మానిక్ భాషల హల్లులు ఏ వరసలో మారాయో యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా చెప్పాడు. జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు ఈయనే.

మూలభాషలోని ఒక గ-కారం సంస్కృతంలో జ-కారం అయింది, ఆ సూత్రం ప్రకారం ఇంగ్లీషులో క-కారం అయింది. సంస్కృతంలో ‘జ్ఞా’, ఇంగ్లీషులో ‘నో’: తెలుసుకోవడం. ‘జాను’, ‘నీ’: మోకాలు. ఈ రెండు ఇంగ్లీషు మాటలనూ ఇప్పటికీ కె-తోనే మొదలుపెట్టి రాస్తారు. ఆ కె-ని ఒకప్పుడు పలికేవారు కూడా. ‘జన’, ‘కిన్’: వంశం, బంధువర్గం. ఈ వరసలో ‘జుష్’కు జోడీగా క-తో మొదలయ్యే మాట రావాలి. గోతిక్‌లో ఉన్న ‘కియుసన్’ అదే.

మరి ఇంగ్లీషులో క కాకుండా చ ఉందేం? దీనికి జవాబు తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇ, ఎ అచ్చులకు ముందున్న క-కారం పాత ఇంగ్లీషులో చ-కారంగా మారింది. తెలుగులోనూ సరిగ్గా అదే జరిగింది. కన్నడంలో ‘కివి’, మనకు ‘చెవి’. కన్నడంలో ‘కెరె’, మనకు ‘చెరువు’. కన్నడం పాత క-ను నిలబెట్టుకుంది, మనం చ చేశాం. నర్సీపట్నం రైతు చెరువు అన్నప్పుడల్లా ఆయన నోటి నుంచి వచ్చే చ-కారం, ఇంగ్లీషువాడి చూజ్‌లోని చ-కారం, వేలమైళ్ల దూరంలో ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే పద్ధతిలో పుట్టాయి. నాలిక నిర్మాణం అందరికీ ఒకటే కనుక ఇలాంటివి జరుగుతాయి.

ఎలెక్ట్, సెలెక్ట్ సంగతేమిటి?

లాటిన్‌లో ‘లెగెరె’ అంటే ఏరడం. చేటలో బియ్యం పోసుకుని, మట్టిబెడ్డా వడ్లగింజా కనిపించగానే రెండు వేళ్లతో పట్టి పక్కన పడేసే మన ఇళ్ల ఆడవాళ్లు చేసే పని సరిగ్గా ఇదే. ‘ఎక్స్’ అంటే బయటికి. బయటికి ఏరితే ఎలెక్ట్. ‘సె’ అంటే విడిగా. విడిగా ఏరి పెడితే సెలెక్ట్. ఒక చోటికి ఏరి పోగుచేస్తే కలెక్ట్. జిల్లా కలెక్టరు గారి పదవి పేరు ఇక్కడిదే. మొదట్లో ఆయన పోగుచేసినది శిస్తు. ఏరకుండా వదిలేస్తే నెగ్లెక్ట్. ఎంతో ఏరి చూసుకునేవాణ్ణి లాటిన్‌లో ‘ఎలెగన్స్’ అనేవారు. మొదట్లో అది పొగడ్త కాదు, ఏదీ ఒక పట్టాన నచ్చని మనిషి అని ఎత్తిపొడుపు. తరవాత అదే ‘ఎలిగెంట్’ అయి మెప్పుకోలుగా మారింది.

ఏరడం అన్న ఈ మాటకే లాటిన్‌లో చదవడం అన్న అర్థం కూడా వచ్చింది. కంటితో అక్షరాలను ఒక్కొక్కటే ఏరుకుంటూ పోవడం చదువు. కాలేజీలో ‘లెక్చర్’ అన్న మాట పుట్టింది అక్కడే. ఇది ఊహ కాదనడానికి జర్మన్ భాష సాక్ష్యం: అక్కడ ‘లేజెన్’ అనే క్రియకు ఇప్పటికీ ఏరడం, చదవడం అని రెండు అర్థాలూ ఉన్నాయి.

తెలుగులోనూ ‘ఏరు’ ఎంపికకు వాడే మాటే. ఏరికోరి చేసుకున్న సంబంధం అంటాం. అలాగని ఏరుకూ లెగెరెకూ చుట్టరికం అంటగట్టకూడదు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే ఉదాహరణలతో నిరూపించాడు. ఆ వ్యాసం అచ్చయింది ఎక్కడో కాదు, ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం ముందు. అంత ముఖ్యమైన సంగతి మన భాష వ్యాకరణంలోనే మొదట వెలుగు చూసిందని మన పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పవలసింది. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మాటలకు ఇంగ్లీషు చుట్టాలు ఉంటాయి. ఏరు, ఎంచు, కోరు లాంటి అచ్చ తెలుగు మాటలకు చుట్టాలను తమిళ, కన్నడ, గోండి, కువి భాషల్లో వెతకాలి.

ఇక ‘ఎన్నిక’. ఎన్ను అంటే లెక్కపెట్టు అని. ఎన్నలేనన్ని అంటే లెక్కలేనన్ని. మనవాళ్ల దృష్టిలో ఎంచుకోవడం లెక్క వేయడంతో మొదలైంది. ఎంచు కూడా అంతే: లెక్కించు, భావించు, తప్పులు ఎంచు, ఎంచుకో.

మరి ఓటు?

ఈ మాటలన్నిటిలో నాకు ప్రాణమైనది ఇదే. లాటిన్‌లో ‘వోటుం’ అంటే మొక్కు. దేవుడికి ఇచ్చిన మాట, దానితోపాటు మనసులో పెట్టుకున్న కోరిక. కొత్త అమావాస్యకు అనకాపల్లి గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి జాతరకు మన చుట్టుపక్కల పల్లెల నుంచి జనం ఎందుకు వెళ్తారు? మొక్కు చెల్లించుకోవడానికి. రోమన్లూ అచ్చంగా అలాగే చేసేవారు. జబ్బు నయమైతే, యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొస్తే ఫలానాది సమర్పిస్తామని మొక్కుకునేవారు. పని జరిగాక ఒక రాతి పలక చెక్కించి గుడిలో నిలబెట్టేవారు. పలక చివర వి, ఎస్, ఎల్, ఎమ్ అని నాలుగు అక్షరాలు ఉండేవి. ‘వోటుం సోల్విట్ లిబెన్స్ మెరిటో’: ఇష్టంగా, దేవుడికి చెల్లవలసిన విధంగా మొక్కు తీర్చుకున్నాడు. రోమన్లు ఏలిన బ్రిటన్‌లో, జర్మనీలో ఇలాంటి పలకలు ఎన్నో దొరికాయి. మొక్కును ‘చెల్లించడం’, ‘తీర్చడం’ అనే మాట కూడా మనకూ వాళ్లకూ ఒకటే. బాకీ తీర్చినట్టు దాన్ని తీర్చాలి.

మొక్కు నుంచి ఓటు ఎలా అయింది? మొక్కులో కోరిక ఉంటుంది. కాలక్రమాన ‘వోటుం’ అంటే దేవుడి సంగతి పక్కకు వెళ్లి, ఒక మనిషి కోరుకునేది అని మిగిలింది. పదిమంది కూర్చున్న సభలో ఎవరి కోరిక ఏమిటో చెప్పమంటే ఆ చెప్పినదే ఓటు. 15వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషులో కనబడుతుంది. మొదట్లో స్కాట్లండు వాళ్ల రాతల్లోనే ఎక్కువ. ‘డివోషన్’ మాత్రం పాత భక్తిని వదల్లేదు. ‘వౌ’ అంటే ప్రతిజ్ఞ, అదీ ఈ ఇంటిదే.

ఓటు మన ఊళ్లోకి ఎప్పుడొచ్చింది? 1919 చట్టం కింద మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగాయి. కాని ఆస్తి ఉన్నవాళ్లకూ పన్ను కట్టేవాళ్లకూ తప్ప తక్కినవాళ్లకు ఓటు లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్ల మీద దాడి చేసేనాటికి ఆయన వెంట నడిచిన మన్యం కొండవాళ్లకు పాలకులను ఎన్నుకునే మాట కలలో కూడా లేదు. వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు అన్నది 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలతోనే వచ్చింది. మాట వచ్చిన తీరు కూడా చూడండి. తెలుగు నాలికకు మాట మొదట్లో ‘వో’ పలకడం అలవాటు లేదు, చివర హల్లుతో ఆపడమూ అలవాటు లేదు. ముందు వ-కారం జారిపోయింది, చివర ఉ-కారం చేరింది. ఓటు అయింది. ఇప్పుడది ఏ పల్లెలోనూ పరాయి మాట కాదు.

బ్యాలెట్, పోలింగ్, క్యాండిడేట్?

ఇటాలియన్‌లో ‘బల్లోట్టా’ అంటే చిన్న గోళీ. వెనిస్ నగరంలో గోళీలు వేసి తీర్పు చెప్పేవారు. అక్కడ 1268 నుంచి దేశాధినేతను ఎంచుకునే పద్ధతి వింటే తల తిరుగుతుంది. ముందు 30 మంది, వాళ్లలో చీట్లు తీస్తే మిగిలేది 9 మంది. ఆ 9 మంది 40 మందిని ఎంచుకోవాలి. చీట్లు తీసి ఆ 40ని 12 చేస్తారు. ఆ 12 మంది 25 మందిని ఎంచితే చీట్లలో మిగిలేది 9. ఆ 9 మంది 45 మందిని, వాళ్లలోంచి చీట్లతో 11 మంది, ఆ 11 మంది కలిసి 41 మందిని ఎంచుతారు. చివరికి ఆ 41 మంది నాయకుణ్ణి ఎన్నుకోవాలి. కుట్రలు సాగకుండా చేయడానికే ఇంత తతంగం. 1797లో ఆ రాజ్యం పడిపోయేదాకా సాగింది. గోళీలు పోయి కాగితాలు వచ్చాయి, పేరు మిగిలింది. మన 1951–52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప పెట్టె, దానిమీద అతని గుర్తు. ఓటరు కాగితం మీద ఏ గుర్తూ వేయనక్కర్లేదు, కోరిన పెట్టెలో పడేస్తే చాలు. చదువురాని కోట్లమంది కోసం ఆలోచించిన ఏర్పాటు అది. ఇప్పుడు నీలి మీటలున్న యంత్రాన్ని కూడా ‘బ్యాలెట్ యూనిట్’ అనే అంటారు.

‘పోల్’ అంటే తల, ముఖ్యంగా నడినెత్తి. తలలు లెక్కపెట్టడమే పోలింగ్. మన ‘తలసరి’లో ఉన్నదీ అదే లెక్క. తలపన్నును ఇంగ్లీషులో పోల్ ట్యాక్స్ అంటారు.

‘కాండిడుస్’ అంటే మెరిసే తెలుపు. రోములో పదవికి పోటీ పడేవాడు సుద్దతో తెల్లగా చేసిన ఉత్తరీయం కప్పుకుని జనంలో తిరిగేవాడు. ఆ తెల్లబట్టల మనిషి క్యాండిడేట్. ‘క్యాండిల్’ ఈ ఇంటిదే, మన ‘చంద్ర’ శబ్దమూ ఈ వంశానిదే. తెల్ల ఖద్దరు మనకు వేరే దారిలో, గాంధీ ఉద్యమం నుంచి వచ్చింది. మన ‘అభ్యర్థి’ మాత్రం బట్టల ఊసెత్తదు: అర్థించేవాడు, అడిగేవాడు. పదవికి నిలబడ్డ మనిషి జనం ముందు ఎక్కడ నిలబడాలో చెప్పే మాట ఇది. ఇంగ్లీషు మాట కన్నా ఇదే గొప్పదని నా అభిప్రాయం. 2024 జూన్‌లో నర్సీపట్నం ఎమ్మెల్యే చింతకాయల అయ్యన్నపాత్రుడు రాష్ట్ర శాసనసభకు స్పీకరుగా ఎన్నికైనప్పుడు పత్రికలు ‘ఏకగ్రీవం’ అని రాశాయి. గ్రీవం అంటే మెడ, అందరిదీ ఒకే గొంతు అన్నమాట. అదే సంగతికి ఇంగ్లీషులో వాడే ‘యునానిమస్’కు అర్థం ఒకే మనసు.

ఆప్షన్, ప్రిఫరెన్స్ చదువుకునే పిల్లల మాటలు కదా?

ఇంజినీరింగ్, డిగ్రీ సీట్ల కోసం వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఊళ్లోని నెట్ సెంటర్లలో ఈ మాటలే వినిపిస్తాయి. లాటిన్‌లో ‘ఒప్టారె’ అంటే కోరుకోవడం, ఎంచుకోవడం. రోమన్ సైన్యంలో శతాధిపతి తన కింద సహాయకుణ్ణి తానే ఎంచుకునేవాడు, అతని హోదా పేరే ‘ఒప్టియో’. కోరి దగ్గరికి తీసుకుంటే ‘అడాప్ట్’, దత్తత. ఉన్నవాళ్లు తమతో కలుపుకుంటే ‘కోఆప్ట్’. మండల పరిషత్తులో మైనారిటీల నుంచి తీసుకునే కోఆప్షన్ సభ్యుడి పేరు వెనకున్నది ఇదే.

‘ప్రిఫర్’ రెండు ముక్కలు. ‘ప్రై’ అంటే ముందు, ‘ఫెర్రె’ అంటే మోయడం, తీసుకురావడం. వెబ్ ఆప్షన్ల పట్టికలో ఒక పిల్ల తనకు నచ్చిన కాలేజీని పైకి జరిపి ఒకటో నంబరులో పెడుతుంది చూడండి, ఆ మాటకు అసలు అర్థం అదే, ముందుకు తెచ్చి పెట్టడం. వాణిజ్యశాస్త్రం చదివేవాళ్లకు ప్రిఫరెన్స్ షేర్లు తెలుసు: లాభం పంచేటప్పుడు వాటిది ముందు వరస. ఫెర్రెకు సంస్కృతంలో చుట్టం ‘భృ’. భారం, భర్త, భరించు అన్నీ దాని పిల్లలే. ఇంగ్లీషులో ‘సఫర్’ అంటే కింద నుంచి మోయడం. మనం బాధను ‘భరించడం’ అంటాం. ఇద్దరి మాటల్లోనూ ఉన్నది మోతే, ధాతువూ ఒక్కటే.

‘రాదర్’ చిన్న మాటే అయినా వదలబుద్ధి కాదు. పాత ఇంగ్లీషులో దాని మొదటి రూపానికి తొందరగా అని అర్థం. రాదర్ అంటే ఇంకా తొందరగా. ఇష్టమైన పనికి మనిషి ముందు లేస్తాడు కనుక ముందుతనమే ఇష్టం అయింది.

‘విల్’ ఇంకా పాతది. లాటిన్‌లో దాని చుట్టం ‘వొలో’, కోరుతున్నాను అని. ‘వాలంటీర్’ అక్కడి నుంచి వచ్చింది. సంస్కృతంలో చుట్టం ‘వృ’, ఎంచుకోవడం. వరం, వరుడు, స్వయంవరం ఇక్కడివే. లాటిన్‌లో ల-కారం ఉన్నచోట సంస్కృతంలో ర-కారం రావడం మామూలే: వెలుగుకు లాటిన్ ‘లుక్స్’, సంస్కృతం ‘రుచ్’. ఇంగ్లీషులో ‘ఐ విల్’ అన్నవాడూ, స్వయంవరంలో మాల పట్టుకున్న రాకుమారీ ఒకే ధాతువు మీద నిలబడ్డారు.

ఆప్షన్లు పెట్టాక వచ్చేది అలాట్‌మెంట్ కదా, అది ఎంపికేనా?

ఇప్పుడు సీటు ర్యాంకును బట్టి, రిజర్వేషన్ను బట్టి, మనం పెట్టిన వరసను బట్టి వస్తుంది. మాట మాత్రం అలా పుట్టలేదు. ‘లాట్’ అంటే పాత ఇంగ్లీషులో వంతు తేల్చడానికి వేసే చెక్కముక్క లాంటిది. ఎవరి గుర్తు పైకి వస్తే వాటా వాళ్లది. లాటరీ, అలాట్ రెండూ అక్కడివే. మనుషులు ఎంచుకోలేకపోయిన చోట చీటీకి వదిలేసే ఆ పాత పద్ధతి చట్టంలో ఇప్పటికీ ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, 65వ సెక్షన్: ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వచ్చి, ఒక్క ఓటు కలిస్తే వాళ్లలో ఒకరు గెలిచే పరిస్థితి ఉంటే, రిటర్నింగ్ అధికారి అక్కడికక్కడే చీటీ తీస్తారు. చీటీ ఎవరికి వస్తే వాళ్లకు ఒక ఓటు అదనంగా వచ్చినట్టు లెక్కిస్తారు.